అత్త మార్చిన నేమ్‌సర్వర్లు

మార్చి 2

అత్తా,

దిగాను, గది దొరికింది, పరుపు గట్టిగానే ఉంది. నువ్వు అడగబోయే మూడు ప్రశ్నలకీ ముందే జవాబు చెప్పేశాను కాబట్టి అసలు సంగతుల్లోకి వస్తాను.

ఇక్కడి శిక్షణశాల కింది అంతస్తులో ఒక గోడ నిండా కృత్రిమ మోకాళ్లు వేలాడదీసి ఉన్నాయి. నలభై రకాలు. నాతో చేరినవాళ్లలో ఒకాయన అది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నాకు మాత్రం బట్టల కొట్లోకి వెళ్లినట్టనిపించింది. ఇన్నాళ్లూ మన వర్క్‌షాపులో మోకాలి కింద పోయినవాళ్లకే కాళ్లు చేశాం. పైన పోయినవాళ్లు వస్తే ఇంకో చోటి చిరునామా చీటీ మీద రాసిచ్చి పంపేవాళ్లం. రెండు నెలలు ఓపిక పడితే ఆ చీటీ రాయక్కర్లేదు.

ఈలోగా ఒక పని పడింది. మన వెబ్‌సైట్‌ని ఉంచిన హోస్టింగ్ కంపెనీ ఈ నెలాఖరుకి మూసేస్తోంది. నేను బయల్దేరేముందు కొత్త కంపెనీలో చోటు తీసుకున్నాం కదా, పాస్‌వర్డ్ కూడా ఇద్దరం కలిసే పెట్టాం. పేజీలన్నీ ఇక్కడినుంచే అక్కడికి చేర్చేస్తాను. మిగిలింది నేమ్‌సర్వర్లు మార్చడం. ఎవరైనా మన సైట్ పేరు కొడితే, అది ఎక్కడుందో చెప్పే కంప్యూటర్లే నేమ్‌సర్వర్లు. ఇప్పుడు పాత కంపెనీవి చెబుతున్నాయి, ఇక మీదట కొత్త కంపెనీవి చెప్పాలి. ఆ మార్పు మనం పేరు నమోదు చేయించిన కంపెనీ దగ్గర చెయ్యాలి. ఏడేళ్ల కిందట నాకు బ్యాంకు కార్డు లేక ఆ నమోదు నీ మీద చేయించాం. అందుకని లోపలికి వెళ్లాలంటే కోడ్ నీ ఫోన్‌కే వస్తుంది.

ఆదివారం ఉదయం పదింటికి నేనిక్కడ ప్రయత్నిస్తాను. నీకు ఆరంకెలు వస్తాయి. అవి నాకు మెసేజ్ పెట్టు, చాలు. ఐదు నిమిషాల పని.

తోలు తడి ఆరకముందే పట్టీలు కుట్టొద్దని బెల్టుల బాబాయికి చెప్పు.

నీ పిచ్చుక


మార్చి 8, ఆదివారం

పిచ్చుకా,

నాకు నాలుగో ప్రశ్న ఉంది. గదికి కిటికీ ఉందా?

బాబాయికి చెప్పాను. "నేను తోలు పట్టిననాటికి ఆ పిల్లకి పాలపళ్లు కూడా రాలేదు" అన్నాడు. ఆ సంగతి మీరూ మీరూ చూసుకోండి.

పొద్దున పదింటికి కోడ్ వచ్చింది. దాని కింద "దీన్ని ఎవరికీ చెప్పకండి, మా సిబ్బంది అడిగినా చెప్పకండి" అని ఉంది. నువ్వు వాళ్ల సిబ్బందివి కూడా కాదు. అందుకని చెప్పలేదు. "ఉత్తరం రాస్తున్నాను" అని మెసేజ్ పెట్టింది అందుకే. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్నదాన్ని. ఒక పెద్ద అధికారి భార్య స్వయంగా వచ్చి, మా ఆయన రోజూ ఎవరితో మాట్లాడుతున్నాడో చెప్పమని బతిమాలితేనే నోరు విప్పలేదు. నువ్వు ముద్దొచ్చినంత మాత్రాన విప్పుతానా?

నేమ్‌సర్వర్ సంగతి నువ్వు రాసిన మొదటి వాక్యానికే తలకెక్కింది. నాలుగేళ్లు డైరెక్టరీ విచారణలో చేశాను. పేరు చెబితే నంబరు చెప్పడం, మనిషి ఇల్లు మారితే నంబరు దిద్దడం. ఒక్కటే తెలియలేదు. ఇందులో మన పేరు మారుతుందా? నేమ్ అంటావు, మార్చడం అంటావు. ఏడేళ్లుగా జనం నోట నలిగిన పేరది. కాలు పోయినవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే పేరు. దాన్ని ముట్టుకునేదైతే నేను ససేమిరా ఒప్పుకోను.

ముట్టుకోకపోతే మాత్రం ఆ పని నేనే చేస్తాను. ఏది ముందు, ఏది వెనక అన్నది వరసగా రాసి పంపు. ఫోన్లో చెబుతాననకు. అన్నేళ్లు హెడ్‌ఫోన్లు మోసిన చెవులు ఇవి. నువ్వు "సర్వర్" అన్నా "సరే పోనీ" అన్నా నాకు ఒకేలా వినపడతాయి.

అత్త


మార్చి 12

అత్తా,

కిటికీ ఉంది. అందులోంచి ఇంకో కిటికీ కనిపిస్తుంది.

ఆ "ఎవరికీ"లో నేనూ ఒకదాన్నని తెలిసింది, సంతోషం. సరే, నీ పట్టు నీది. పేరు మారదు. ఇల్లు మారుతున్నాం, గుమ్మం మీది పలక అదే.

వరస ఇది. ఏ పేరుకి ఏ చిరునామా చెప్పాలో ఒక జాబితా ఉంటుంది, దాంట్లోని ఒక్కో వరసని రికార్డు అంటారు. కొత్త కంపెనీ దగ్గర ఆ జాబితా నేను నింపేశాను, నువ్వు దాని జోలికి వెళ్లక్కర్లేదు. పేరు నమోదు చేసిన కంపెనీలోకి వెళ్లి, నేమ్‌సర్వర్లు అన్నచోట రెండు వరసలు ఉంటాయి, అవి చెరిపెయ్యి. ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసిన రెండూ వాటి స్థానంలో కొట్టు. చుక్కలు కూడా ముఖ్యం. ఒక చుక్క పోతే మనం పోయినట్టే. పాత కంపెనీ ఖాతా నెలాఖరు దాకా ముయ్యొద్దు, ఎందుకంటే మార్చాక రెండు రోజుల వరకూ కొందరికి పాత పేజీ, కొందరికి కొత్త పేజీ కనిపిస్తాయి. ఆనవాలు చెబుతాను. పాత పేజీలో మనం తెరిచేది పదింటికి అని ఉంటుంది, కొత్తదాంట్లో తొమ్మిదని రాశాను. ఆదివారం కూర్చుని చేసెయ్యి. అయ్యాక ఒక మెసేజ్ పెట్టు.

ఇంత చెప్పడం ఎందుకంటే, పెద్దాసుపత్రి పునరావాస విభాగం డాక్టరుగారు ఈ నెలలో మనకి ఈమెయిల్ రాస్తానన్నారు. వాళ్ల రోగుల్ని పంపడానికి రెండు వర్క్‌షాపుల్ని చూస్తున్నారట. రెండోది మనది. ఇలాంటప్పుడు సైట్ ఒక్కరోజు పడుకున్నా, వీళ్లు ఎత్తేశారు కాబోలు అనుకుంటారు. నీకు కష్టమనిపిస్తే ఇప్పటికైనా చెప్పు, మొహమాటపడకు.

పిచ్చుక


మార్చి 16, సోమవారం

పిచ్చుకా,

చేశాను.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. ఆదివారం చెయ్యమన్నావు గానీ, ఆ రోజంతా పాత కంపెనీలోని జాబితాని గీతల నోటుపుస్తకంలోకి చేత్తో ఎక్కించుకున్నాను. తొమ్మిది వరసలున్నాయి. వాళ్లు మూసేసి వెళ్లిపోతే రేపు ఎవరిని అడుగుతాం? కొత్త జాబితా జోలికి వెళ్లొద్దన్నావు, వెళ్లలేదు.

ఇవాళ పదింటికి ముందు గదిలో, కాళ్ల అచ్చులు పోసే బల్ల తుడిపించి కూర్చున్నాను. నేను ఒక్కో అక్షరమే కొడుతుంటే బాబాయి నీ కాగితం పట్టుకుని సరిచూశాడు.

"చుక్క ఉందా?"

"ఉంది."

"ఇంకోటి?"

"అదీ ఉంది."

"నాకెందుకో అక్కడ మరక లాగుంది, తుడిచి చూడండి."

తుడిచాను. చుక్కే. చివర్లో ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక వచ్చింది. ఈ మార్పు వల్ల మీ సైటూ ఈమెయిలూ ఆగిపోవచ్చు, కొనసాగాలా అని. బాబాయి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు, బల్లలోంచి ఏదో పేలుతుందన్నట్టు. నేను నొక్కాను. పది గంటల పది నిమిషాలు. మధ్యాహ్నం నాలుగింటికి మన పేరు కొడితే తొమ్మిదని వచ్చింది. బాబాయి ఫోన్లోనూ తొమ్మిదే. ఆయన ఇంటికెళ్లి వాళ్లావిడ ఫోన్లో కూడా చూస్తానన్నాడు.

అరవై మూడేళ్లకి ఒక పేరుని ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చాను. దాని చెయ్యి వదిలి పెట్టకుండా. ఇది గొప్ప చెప్పుకోవడమే, ఇంకోలా అనుకోనక్కర్లేదు.

"కష్టమనిపిస్తే చెప్పు" అన్న ముక్క మాత్రం నువ్వు రాయకుండా ఉండాల్సింది.

అత్త


మార్చి 18, బుధవారం

అత్తా,

ఆదివారం చెయ్యమన్నాను. ఇవాళ బుధవారం. పొద్దున చూశాను, పది. మధ్యాహ్నం చూశాను, పది. ఇప్పుడు సాయంత్రం ఇక్కడి కంప్యూటర్ గదిలో మూడు యంత్రాల్లో చూశాను, మూడింట్లోనూ పదే. రెండు రోజులు కాదు, మూడు రోజులు దాటింది.

సోమవారం నీ దగ్గర్నుంచి "సరే" అని మెసేజ్ వచ్చింది. సరే అంటే అయిందనా, చేస్తాననా, నన్ను విసిగించకు అనా? తిరిగి అడిగితే మళ్లీ "సరే" అని వచ్చింది.

చేతకాలేదని ఒక్క మాట రాస్తే ఏం పోయేది? పేరు నీ మీద ఉందన్న పంతం తప్ప నాకింకేమీ కనపడటం లేదు. నీకు ఇది రిటైరయ్యాక దొరికిన కాలక్షేపం కావచ్చు. నాకు బతుకు. ఇక్కడ రోజంతా మోకాలి కీలు విప్పడం, బిగించడం. చేతులు ఒక చోట, మనసు ఒక చోట. ఇవాళ ఒక కీలు తిరగేసి బిగించి అందరిముందూ మాట పడ్డాను.

నువ్వు ఇంకేం ముట్టుకోకు. నేను వేరే దారి చూసుకుంటున్నాను.

పిచ్చుక


మార్చి 20, శుక్రవారం

పిచ్చుకా,

ఈ వారం చాలా జరిగింది. కూర్చుని చదువు.

సోమవారం సైట్ మారిందా, మంగళవారం పొద్దుటినుంచీ మన ఈమెయిల్ పెట్టె ఖాళీ. రోజుకి ఏడో ఎనిమిదో వచ్చేవి కదా, కొలతలనీ పట్టీ తెగిందనీ. బాబాయి అన్నాడు, "జనానికి కాళ్లు బాగున్నాయేమో, మంచిదేగా." నాకు అలా అనిపించలేదు. ఎక్స్ఛేంజ్‌లో బోర్డు మీద ఒక్క దీపమూ వెలగకపోతే ఊరు పడుకుందని కాదు, ఎక్కడో తీగ తెగిందని. బుధవారం పొద్దున నా సొంత చిరునామానుంచి మనకే ఒక ఉత్తరం పంపాను. వెనక్కి తిరిగొచ్చింది.

అప్పుడు నోటుపుస్తకం తీసి, కొత్త కంపెనీ జాబితా పక్కన పెట్టుకుని, వరసకి వరస వేలు పెట్టి చూశాను. పుస్తకంలో తొమ్మిది, అక్కడ ఎనిమిది. ఈ పేరుకొచ్చే ఈమెయిళ్లు ఫలానా చోట దింపండి అని చెప్పే వరస లేదు. పేరు అడిగినవాళ్లకి ఇల్లు చూపిస్తున్నాం, ఉత్తరాలు ఎక్కడ వెయ్యాలో చెప్పడం లేదన్నమాట. ఆ వరస ఎక్కించాను. మధ్యాహ్నం రెండింటికి, మళ్లీ పంపిన నా ఉత్తరం నాకే అందింది. ఆ వెనకే ఇంకో నాలుగు. మార్చకముందే రెండు జాబితాలూ పోల్చి చూడాల్సింది నేను. లైను కలిపేముందు పరీక్షించాల్సింది కలిపే మనిషే. తప్పు నాది.

ఈ రెండు రోజుల్లో ఎవరు రాసి ఉంటారా అనుకుంటే మొదట ఆసుపత్రే తట్టింది. గురువారం బస్సెక్కి వెళ్లాను. డాక్టరుగారు చిన్నావిడ, నీకంటే నాలుగేళ్లు పెద్దదేమో.

"మీకు మంగళవారం రాశామండీ. తిరిగొచ్చేసింది. మూసేశారనుకున్నాం."

"మూసెయ్యలేదమ్మా, సైట్‌ని కొత్త చోటికి మార్చాం. మార్చింది నేనే. ఈమెయిల్ వరస ఒకటి చూసుకోలేదు. నిన్న సరిచేశాను."

ఆవిడ కళ్లజోడు తీసి నన్నోసారి చూసింది. "మీరా?"

"నేనే. ఇప్పుడు పంపి చూడండి, నేనిక్కడే కూర్చుంటాను."

పంపింది. వర్క్‌షాపు ఫోన్ నా చేతిలోనే ఉంది, టింగుమంది. ఆవిడ నవ్వలేదు గానీ మంచినీళ్లు తెప్పించింది. వచ్చే గురువారం మన వర్క్‌షాపు చూడ్డానికి వస్తానంది.

ఇక అసలు వార్త. ఇవాళ పొద్దున పేరు నమోదు కంపెనీ నుంచి నాకొక హెచ్చరిక. ఎవరో వర్క్‌షాపు కాగితాలు జతచేసి, ఆ పేరు తమదనీ, ఖాతా తమకి అప్పగించమనీ అడిగారట. ఇది మీరేనా అని ప్రశ్న. పట్టపగలు దొంగతనం. కాదని నొక్కాను, పాస్‌వర్డ్ మార్చాను, పైన ఇంకో తాళం కూడా వేశాను. వాడెవడో గానీ ఈపాటికి గోడకి తల కొట్టుకుంటూ ఉంటాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లు ఉంటారని వాడికి తెలిసొచ్చి ఉంటుంది.

నువ్వు మోకాళ్ల మీద దృష్టి పెట్టు. ఇక్కడ కాపలాకి నేనున్నాను.

అత్త


మార్చి 24

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. తిన్నగా చెప్పేస్తాను. ఆ దొంగని నేనే.

బుధవారం నీకు ఉత్తరం పడేసి, గురువారం పొద్దున ఆ ఫారం నింపాను. నీకు తెలియకుండా పేరుని నా మీదకి మార్చుకుని, నేమ్‌సర్వర్లు నేనే మార్చేద్దామనుకున్నాను. నీతో చెప్పాలనిపించలేదు. చెబితే ఒప్పుకోవనుకున్నాను. ఆ సాయంత్రమే ఇక్కడ పేజీ తొమ్మిదికి మారింది, కానీ పంపేసిన ఫారం వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది. ఈ శిక్షణశాల కంప్యూటర్లన్నీ ఒకే చోట అడిగి, వచ్చిన జవాబుని దాచుకుని, దాన్నే చెబుతూ ఉంటాయట. నేను మూడు యంత్రాల్లో చూశానని విర్రవీగాను. ముగ్గురూ ఒకే మనిషి మాట నాకు వినిపించారు. నువ్వు చేసింది సోమవారమని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

రెండోది ఇంకా పెద్దది. కొత్త జాబితా నింపింది నేను. పాత కంపెనీ తెర మీద ఎనిమిది వరసలే కనిపిస్తాయి, తొమ్మిదోది చూడాలంటే కిందికి జరపాలి. నేను జరపలేదు. జాబితా జోలికి వెళ్లొద్దని నీకు రాసిందీ నేనే. అంత దూరం బస్సులో వెళ్లి డాక్టరుగారి ముందు తప్పు నాదని నువ్వు చెప్పి వచ్చావు. ఎవరిదో నీకు తెలుసు. నోటుపుస్తకం తెరిచిన నిమిషంలోనే తెలిసి ఉంటుంది. నా ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్కైనా ఎత్తలేదు నువ్వు.

నా పద్దెనిమిదో తేదీ ఉత్తరం ఇంకా చదవకపోతే చదవకు. చదివేసి ఉంటే ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఇక్కడ మా గురువుగారికి ఇదంతా చెప్పాను. ఆయన విని, "మీ అత్తగారు ఉద్యోగం ఇస్తే చేస్తారా?" అని అడిగారు. వేళాకోళం కాదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అత్త అని చెప్పుకోవడానికి నాకు ఇవాళ హక్కు లేదు గానీ, చెప్పుకున్నాను.

పిచ్చుక


మార్చి 30

పిచ్చుకా,

నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం ఇరవై ఒకటిన వచ్చింది. చదివాను. కాలక్షేపం అన్న మాట దగ్గర కాగితం మడిచి, మధ్యాహ్నం దాకా మళ్లీ విప్పలేదు. వేరే దారి చూసుకుంటున్నానని కూడా రాశావు కదా, దొంగ ఎవరో అప్పుడే తెలిసింది. బాబాయికి చెప్పలేదు. ఆయన ఇప్పటికీ గుమ్మం దగ్గర ఎవరైనా కొత్తవాళ్లు నిలబడితే అనుమానంగా చూస్తున్నాడు.

కోపం రాలేదని అబద్ధం ఆడను. నాలుగు రోజులు కలం పట్టుకోలేదు. వెనకనుంచి రావడం నాకు గుచ్చుకుంది. తప్పు చెయ్యడం వేరు, నన్ను దాటుకుని వెళ్లాలనుకోవడం వేరు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. తర్వాత ఆలోచిస్తే ఒకటనిపించింది. ఆ రోజు అడిగింది నువ్వని తెలిసినా నేను కాదనే నొక్కేదాన్ని. నన్ను అడగకుండా ఆ పేరు ఎవరికీ ఇవ్వను, నీకైనా సరే. కాబట్టి నా పని నేను సరిగ్గానే చేశాను.

తొమ్మిదో వరస సంగతి ఇక వదిలెయ్యి. నువ్వు కిందికి జరపలేదు, నేను పోల్చలేదు. ఆసుపత్రిలో చెప్పింది నిన్ను కాపాడ్డానికి కాదు. ఆ కుర్చీలో కూర్చున్నది నేను, జవాబు నాది.

గురువారం డాక్టరుగారు వచ్చారు. అచ్చుల గదిలో గంటసేపు ఉన్నారు. బాబాయి కుట్టిన పట్టీలు అటూ ఇటూ లాగి చూశారు. ఆయన ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. "తోలు ఆరాక కుట్టినట్టున్నారు" అని ఆవిడ అంటే, "మా పిల్ల ఊరెళుతూ అదొక్కటే చెప్పి వెళ్లిందండీ" అన్నాడు. నా ముందు ఎప్పుడైనా నిన్ను మెచ్చుకున్నాడా? ఆవిడకి చెప్పాడు.

ఆవిడతో పాటు భవనాలకి రంగులు వేసే ఒకాయన వచ్చాడు. పరంజా మీదనుంచి పడి, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. చేతికర్రల మీద నిలబడి నన్ను సూటిగా అడిగాడు.

"నేను మళ్లీ నిచ్చెన ఎక్కగలనా అమ్మా?"

"ఆ మాట నేను చెప్పకూడదు నాయనా. మోకాళ్లు నేర్చుకోవడానికి మా మేనకోడలు వెళ్లింది. వచ్చాక ఆవిడనే అడుగు. తెలియనిది తెలుసని చెప్పే మనిషి కాదు."

"అయితే ఆగుతాను" అన్నాడు. అలాంటివాళ్లు ఆసుపత్రిలో ఇంకో ఇద్దరున్నారట. ముగ్గురినీ నువ్వు వచ్చేదాకా ఆపి ఉంచుతామని డాక్టరుగారు చెప్పారు. ఆ కీళ్లు తిన్నగా బిగించడం నేర్చుకుని రా.

పాత కంపెనీ రేపు మూసేస్తోంది. ఇవాళ ఆఖరిసారి లోపలికి వెళ్లి, మనదంటూ ఏదీ మిగల్లేదని చూసుకుని, ఖాతా మూసేశాను. మన పేరు కొట్టాను. తొమ్మిది. ఈమెయిళ్లు పదకొండు వచ్చాయి.

ఆసుపత్రి వాళ్లు ఒప్పంద పత్రం పంపారు. నీ పేరు రాయాల్సినచోట నీ పేరు రాశాను, సంతకం వచ్చాక పెడుదువు గాని. దాని కింద, సమాచారం కోసం ఎవరిని సంప్రదించాలి, సంస్థలో వారి హోదా ఏమిటి అని ఇంకో గడి ఉంది. నా పేరు రాసి, హోదా దగ్గర ఆగిపోయాను. అత్త అని రాస్తే బాగోదు కదా. బాబాయి పట్టీ కుడుతూ, తలెత్తకుండానే, "సైట్ చూసేది ఎవరో అది రాయండి" అన్నాడు. రాశాను. ముద్ర కూడా వేశాను. రాతపని మీద బడాయి పోవడం నాకు అలవాటు లేదు గానీ, ఆ గడి ఆరేదాకా కాగితం మడవలేదు.

ఇట్లు,
నీ అత్త
వెబ్‌సైట్ నిర్వాహకురాలు